ఎనిమిది ముక్కల ప్రకటన

మలయకూటం నివాసం, చంద్రుని దక్షిణ ధ్రువం. ప్రకటనల పరిశీలకురాలు తాళ్ళూరి సోమిదేవి స్వహస్తంతో రాస్తున్న దినచర్య. చదివేవారు దిద్దవచ్చు గాని, కొట్టివేయరాదు.

204వ దినం

తులసికి అరగ్లాసు నీరు పోశాను. గుమ్మం అంచున పేరుకొన్న బూడిదరంగు ధూళిని తడిబట్టతో తుడిచాను. పదకొండు అంశాలు పరిశీలించి నాలుగింటిని తిరస్కరించాను.

ముఖాన్ని చంద్రబింబంతో పోల్చిన పద్యాలు నాకు వందల కొలదిగా వచ్చు. ఆ చంద్రబింబాన్నే ఇరవై ఆరేళ్ళుగా తుడుస్తున్నాను. ఆ ఉపమానం ఇంత దుమ్ము రాలుస్తుందని పూర్వకవులెవరూ ఊహించి ఉండరు.

భూమి నుంచి మా తెరల మీదికి వచ్చే బొమ్మల కథలు, పాఠాలు, పాటలు అన్నీ ప్రకటనలను వెంటబెట్టుకొనే వస్తాయి. ఆ షరతు మీదనే వాటిని మాకు ఊరికే పంపుతారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు పిల్లల వేళ. ఆ వేళలో తెరకెక్కే ప్రతి అంశానికీ రెండు ముద్రలు పడాలని మా నివాస శాసనం. మొదటిది శోధని అనే యంత్రం వేస్తుంది. రెండోది నేను వేస్తాను. యంత్రం సరే అన్నవాటిలో మూడోవంతు నా దగ్గర ఆగిపోతాయి. ఇవాళ ఆగినవాటిలో ఒకదానిలో, మిఠాయి కొనివ్వని తండ్రిని చూసి ఒక పాప గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొంటుంది. శోధనికి అందులో తలుపు మాత్రమే కనిపించింది. నాకు ఆ తలుపు వెనుక రేపటి నుంచి మా ఇళ్ళలో జరగబోయేది కనిపించింది. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఈ కన్ను ఇంకా పనిచేస్తున్నందుకు గర్వపడుతున్నాను. దాచవలసిన గర్వం కాదని నా అభిప్రాయం.

ఆమోదించినవాటిలో ఒకటి నన్ను నిజంగా ఆనందపెట్టింది. పాటల కార్యక్రమం నడుమ పది క్షణాల బొమ్మ. ఒక పక్షి, ఒక చెట్టుకొమ్మ, కింద అర్ధపద్యం. వస్తువు పేరు లేదు, కొనమన్న మాట లేదు.

గొంతు నునుపు లేని కోకిలమ్మ నెవరు
కొమ్మ కింద నిలిచి కోరి వినును

ఎన్నాళ్ళకు విన్నాను నిర్దుష్టమైన ఆటవెలదిని. గణాలు పోసినట్టున్నాయి. యతి రెండు పాదాల్లోనూ తడబడకుండా కూర్చుంది. భూమి మీద ఎవరో కూలికి రాసిన మాటలే కావచ్చు, కాని రాసిన చేతికి ఛందస్సు తెలుసు. ముద్ర వేసి, పక్కన "సాధు" అని కూడా రాశాను. పరిశీలన పత్రం మీద నేను ఆ మాట రాయడం ఇదే మొదటిసారి.

206వ దినం

పద్యం తరగతి. ఇరవై రెండు మంది పిల్లలు. ఆటవెలదికి ఉదాహరణగా ఆ పాదాలనే చెప్పి, గణవిభజన చేయించి, వల్లె వేయించాను. అందరికంటే ముందు అప్పజెప్పింది రజిత. తెరల మరమ్మతు చూసే నర్సింగ్ కూతురు. వచ్చే నెలలో తొమ్మిదేళ్ళు నిండుతాయి.

మా పిల్లల గొంతులు గరుకు. ఇక్కడ పుట్టినవారందరిదీ అదే స్వరం. గాలిని ఎంత వడగట్టినా సన్నని ధూళి మిగులుతుంది, తేమ మిగలదు. ఇరవై రెండు మంది కలిసి పద్యం చదివితే ఇసుక జల్లెడ పట్టినట్టు ఉంటుంది. భూమి నుంచి వచ్చిన కొత్తలో నాకు ఆ ధ్వని చెవిలో గుచ్చుకొనేది. ఇప్పుడు భూమి గొంతులు వింటే నూనె రాసినట్టు జారిపోతున్నాయనిపిస్తుంది.

ఆ గరుకుతనం వల్లనే మేము బతికి ఉన్నామని కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళ కిందట, నేను రాకముందు, మా ఇళ్ళను కలిపే మూసిన దారుల్లో తూర్పుదానిలోంచి గాలి బయటికి కారింది. విద్యుత్తు పోయి సైరన్లు మూగబోయాయి. ఒక ఇల్లాలి కేక పందొమ్మిది మందిని లేపింది. అప్పటి నుంచి మలయకూటంలో తొమ్మిదేళ్ళు నిండిన ప్రతి బిడ్డా కేక పరీక్ష ఇవ్వాలి. దారి ఈ చివర నిలబడి "గాలి పోతోంది" అని అరిస్తే ఆ చివరికి వినబడాలి. కేక నిలవని బిడ్డ దారుల్లో ఒంటరిగా తిరగరాదు. ఇంతవరకు ఆ పరీక్షలో తప్పినవారు లేరు.

219వ దినం

పిల్లలు గుసగుసలాడుతున్నారు.

మొదట అల్లరి అనుకొన్నాను. పద్యం అప్పజెప్పమంటే పెదవులు కదుపుతారు, శబ్దం రాదు. గద్దిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకొంటారు. జలుబు చేసిందేమోనని వైద్యశాలకు పంపాను. గొంతులన్నీ నిక్షేపంగా ఉన్నాయని తిరిగి పంపారు.

వాక్కుకు నాలుగు దశలని మన పెద్దలు చెప్పారు. పరా, పశ్యంతి, మధ్యమ, వైఖరి. లోపల పుట్టిన మాట చివరకు నోటి నుంచి వెలువడితే వైఖరి. మా పిల్లల మాట మూడో మెట్టు మీద ఆగిపోయింది. ఎవరో నాలుగో మెట్టు తీసివేశారు.

223వ దినం

మధ్యాహ్నం నర్సింగ్ వచ్చాడు. తెర వెనుక తీగలు సరిచూసే నెపంతో వచ్చి, తీగల జోలికి పోకుండా పీట మీద కూలబడ్డాడు.

"మా రజిత పదిదినాల సంది నాతోని మాట్లాడ్తలేదవ్వా. అన్నం గావాల్నంటే సైగ జేస్తది. ఏమైందే అంటే మెడ మీద చెయ్యి వెట్టుకుంటది."

"మెడ మీదనా?"

"గిట్ల." రెండు వేళ్ళతో కంఠం తడుముకొని చూపించాడు. "నాకైతే సమజైంది. మంజులం పట్టీ గావాల్నట. పెద్దల వేళల అస్తది గదా, నీలిరంగుది. మెడకు గట్టుకుంటే గొంతు వెన్నలెక్క అస్తదట. మా వాడకట్టుల ఆరిండ్లోళ్ళు తెప్పిస్తున్నరు. నేను గూడ తెప్పిస్త."

"ఆ పట్టీ ప్రకటన పిల్లల వేళలో రాలేదు నర్సింగ్. రానివ్వలేదు."

"రాలే. నేనే జూస్తగద. అయినా పిల్లకు దెల్సు. ఎట్ల దెల్సిందో నాకెర్కలే."

పట్టీ వివరాలు తెప్పించి చదివాను. స్వరంలోని గరుకును అది వడగడుతుంది. అదే పనిగా గట్టి ధ్వనిని కూడా మెత్తబరుస్తుంది. అది కట్టుకొన్న గొంతు ఎంత అరిచినా పక్క గదికి మించి పోదు.

నర్సింగ్‌కు ఆ వాక్యం చదివి వినిపించాను. పత్రం నా చేతిలోంచి తీసుకొని తానే మళ్ళీ చదివాడు.

"అంటే పట్టీ గడ్తె కేక రాదు. గట్టకపోతె పిల్ల నోరు దెర్వది."

"అంతే."

"మంచిగ ఇరికిచ్చిండ్రు" అని లేచి వెళ్ళాడు.

230వ దినం

ఉదయం దక్షిణ దారిలో గాలి కారింది.

నాలుగో తలుపు దగ్గర అతుకు వైపు ధూళి సన్నని తీగలా సాగిపోవడం రజిత చూసింది. ఏమిటో తెలుసుకొంది. అటూ ఇటూ ఇళ్ళలో మనుషులున్నారు. అరిస్తే చాలు. ఆమె అరవలేదు. నూట ఎనభై అడుగుల దారి పొడవునా పరిగెత్తి, తండ్రి చేయి పట్టుకొని లాగింది. నర్సింగ్ వచ్చి అతుకు మూసేసరికి, నాలుగో తలుపు పక్కన తన గుమ్మం ముందు కుర్చీలో కునుకుతున్న ముసలాయన వీరాస్వామిగారు స్పృహ తప్పి ఉన్నారు.

ప్రాణం నిలిచింది. సాయంత్రం వైద్యశాలకు వెళ్ళాను. ముక్కుకు గొట్టం ఉన్నా ఆ గోదావరి మనిషి నోరు మాత్రం ఖాళీగా లేదు.

"అమ్మాయి పరుగు బానే ఉందండీ సోమిదేవిగారూ. నా ఊపిరే తొందరపడి ముందెళ్ళిపోయింది."

"హాస్యానికి ఇది సమయమా?"

"మరెప్పుడండీ? పోయాక కుదరదు కదా."

రజిత ఆయన మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చొని ఉంది. నేను ఆమె చేతికి పలక ఇచ్చి పక్కన కూర్చొన్నాను. ఎందుకు కేక వేయలేదని అడిగాను. రాసింది.

"నా గొంతు గీకినట్టుంటది. ఎవ్వరు ఇనరు."

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

తలెత్తి నన్ను వింతగా చూసింది. మళ్ళీ రాసింది.

"నువ్వే జెప్పినవ్ గదా అవ్వా. పద్యంల."

231వ దినం

204, 206 దినాల పుటలు చదువుకొన్నాను. చించివేయవచ్చు. చించను.

శాస్త్రం చదివినవారికే సాధ్యమయ్యే తప్పు ఇది. చదువురాని మనిషి ఆ పాదాలు వింటే "పాపం, కోకిలను ఎందుకంత మాట అంటారు" అనేది. నేను యతి చూశాను. నగ బాగుందని మురిసి, అది ఎవరి మెడకు ఉరి అవుతోందో చూడలేదు. పైగా ఇరవై రెండు మంది చేత వల్లె వేయించాను.

కాని ఒక్క అర్ధపద్యం ఇంత పని చేయలేదు. అందులో మెడ లేదు, నీలిపట్టీ లేదు. రజిత చేయి మెడ మీదికి ఎందుకు పోయింది?

నర్సింగ్‌ను పిలిచి, గత నలభై రోజుల పిల్లల వేళను మొదటి నుంచి వరుసగా చూపించమన్నాను.

"నలుపై దినాలదా? నూటిర్వై గంటలైతదవ్వా."

"నిడివి నేను అడగలేదు."

"నీకు గాదు, నాకు. నేను గూడ గూసోవాలె గద" అన్నాడు. కాని కూర్చొన్నాడు. అన్నింటినీ మూడింతల వేగంతో నడిపించాడు. నాలుగు రోజులు పట్టింది.

235వ దినం

దొరికింది.

యౌవనంలో నేను అవధానాలు చేసేదాన్ని. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అడుగుతుంటే అన్నింటినీ ఒక్క మనసులో నిలుపుకొని, కాగితం తాకకుండా, చివర ధారణగా ఒప్పజెప్పే విద్య అది. అందులో వ్యస్తాక్షరి అని ఒక అంశం ఉంది. ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, ఒక్కొక్కటిగా, వేరే పనుల నడుమ అందిస్తారు. పదిహేడో అక్షరం ముందు వస్తుంది, మూడోది ఎప్పుడో వస్తుంది. ఏ అక్షరానికీ అర్థం ఉండదు. అవధాని వాటిని లోపల సరైన చోట అమర్చుకొని, ఆఖరున వాక్యం చెబుతాడు.

ఈ ప్రకటన వ్యస్తాక్షరి. ఎనిమిది ముక్కలు, ఎనిమిది కార్యక్రమాలు. వంటల పాఠంలో మాడిన గిన్నెను గీకే చప్పుడు ఒకటి, అచ్చం మా పిల్లల స్వరానికి శ్రుతి కలిపినట్టు. బొమ్మల కథలో ఒక కాకి నోరు తెరవగానే చుట్టూ ఉన్నవారు ముఖం తిప్పుకొని వెళ్ళిపోతారు, రెండు క్షణాలు. శరీరశాస్త్రంలో ఒక గొంతు బొమ్మ గరుకురాయిలా, పక్కది పట్టులా. వ్యాయామం నేర్పే అమ్మాయి లెక్కపెడుతూ పెదవి మీద వేలు పెట్టుకొని, ఆ తర్వాత కంఠం తడుముకొంటుంది. ఇలాగే తక్కినవి. విడివిడిగా చూస్తే ఏ ఒక్కదానిలోనూ దోషం లేదు. శోధని ఒక్కోదాన్ని విడిగా చూసింది. నేనూ విడిగానే చూశాను. అన్నింటికీ నా ముద్ర ఉంది.

పిల్లలు మాత్రం విడిగా చూడలేదు. పిల్లలకు ధారణ నేర్పనక్కరలేదు. వాళ్ళు పుట్టుకతో అవధానులు. విన్నది ఏదీ పారేయరు. లోపల ఎక్కడో పేర్చుకొంటారు. వాక్యం పూర్తయింది. దాన్ని బయటికి చెప్పలేక నోరు మూసుకొన్నారు.

236వ దినం

కార్యనిర్వాహక సభ. అధ్యక్షురాలు హైమవతిగారు నిదానస్తురాలు. తొందరపడి ఎవరి పక్షమూ వహించరు. తెర మీద భూమి నుంచి మంజులం సంస్థ ప్రతినిధి దినకరంగారు హాజరయ్యారు. మా మాట అక్కడికి చేరి, ఆయన మాట ఇక్కడికి రావడానికి రెండున్నర క్షణాలు పడుతుంది. ఆ వ్యవధిలో ఆయన చిరునవ్వు అలాగే ఉంటుంది.

"ప్రతి అంశాన్నీ మీరే పరిశీలించారు కదమ్మా" అన్నారాయన ఎంతో వినయంగా. "ఒకదాని మీద మెచ్చుకోలు కూడా రాశారు. విడిగా తప్పు లేనివి, కలిస్తే తప్పెలా అవుతాయి?"

"అక్షరాలన్నీ విడిగా నిర్దోషమే. తిట్టు కూడా వాటితోనే తయారవుతుంది" అన్నాను.

రెండున్నర క్షణాల తర్వాత ఆయన చిరునవ్వు కొద్దిగా సవరించుకొన్నారు. "అవి ఒక వాక్యంగా కలుస్తాయనడానికి రుజువేముంది? మీరు నాలుగు రోజులు అదే పనిగా వెతికితే దొరికింది. పిల్లలు అలా వెతకరు కదా."

హైమవతిగారు నా వైపు తిరిగారు. "ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే సోమిదేవిగారూ. పిల్లల కార్యక్రమాలన్నీ పంపేది ఈ సంస్థే. ఒప్పందం రద్దు చేస్తే, వేరొకరు దొరికేదాకా మూడు నెలలు పిల్లల తెర చీకటిగా ఉంటుంది. రుజువు లేకుండా నేను సంతకం పెట్టలేను. మీ మాట మీద గౌరవం ఉన్నా పెట్టలేను."

"రుజువు చూపిస్తాను. అవధానం చేస్తాను."

హైమవతిగారు కలం కింద పెట్టారు. నేను చివరిసారి అవధానం చేసి ముప్పై ఒక్క సంవత్సరాలు.

"ఎనిమిది మంది పృచ్ఛకులు" అన్నాను. "ఒక్కొక్కరి దగ్గర ఒక ముక్క. ఆ నలభై రోజుల్లో వచ్చిన మరో రెండు వందల అంశాలతో కలగలిపి, వారికి తోచిన వరుసలో నన్ను అడగనివ్వండి. నేను వెతకను. కూర్చొని వింటాను. చివర నాలో ఏది మిగిలిందో అది చెబుతాను. పిల్లలనూ రానివ్వండి, నేను చెప్పేది వాళ్ళలో మిగిలినదేనా కాదా అన్నది వాళ్ళ ముఖాలే చెబుతాయి."

238వ దినం

సమావేశ మందిరం నిండింది. ముందు వరుసలో ఇరవై రెండు మంది పిల్లలు, నిశ్శబ్దంగా. గోడ తెర మీద దినకరంగారు.

అప్రస్తుత ప్రసంగం లేకుండా అవధానం సాగదు. అవధాని ఏకాగ్రత చెదరగొట్టడానికి ఒకరు సందర్భం లేని ప్రశ్నలు వేస్తూ ఉండాలి. ఆ పని తనకు కావాలని వీరాస్వామిగారు వైద్యశాల నుంచి చక్రాల కుర్చీలో వచ్చారు.

ఉదయం తొమ్మిదికి మొదలైంది. ఒక పృచ్ఛకురాలు గిన్నె చప్పుడు వినిపిస్తే, ఇంకొకరు పళ్ళపొడి పాట వినిపిస్తారు. ఒకరు వాతావరణ సూచన చివర మోగే చప్పట్లు, మరొకరు రంగుపెన్సిళ్ళు. ఎక్కడెక్కడివో రెండు వందల ముక్కలు. వాటి మధ్య వీరాస్వామిగారు.

"సోమిదేవిగారూ, భూమ్మీద తల్లులు చంద్రుణ్ణి చూపించి బిడ్డలకి అన్నం పెడతారు. మరి మనవాళ్ళు ఏం చూపించాలండీ?"

"భూమిని చూపించమనండి. తినకపోతే అక్కడికి పంపిస్తానని చెప్పమనండి."

పెద్దలు నవ్వారు. పిల్లల్లో ఎవరూ పెదవి విప్పలేదు. రెండున్నర క్షణాలు గడిచాక దినకరంగారు నొచ్చుకొన్నారు.

మరో గంటకు మళ్ళీ వచ్చారు వీరాస్వామిగారు. ఈసారి ఆయన స్వరంలో వేళాకోళం తక్కువగా ఉంది.

"ఆ కోకిల పద్యానికి ముద్ర వేసేటప్పుడు కళ్ళజోడు ఎక్కడ పెట్టారండీ?"

"ముక్కు మీదనే ఉంది. దాని వెనుక చూడవలసిన మనిషి యతిస్థానం దగ్గర మురిసిపోతూ ఉండిపోయింది. ఆ ముద్ర నాది. ఆ తప్పు నాది. మీ ఊపిరి పోబోయింది దానివల్లనే."

"పోలేదు లెండి. ఇంకో ప్రశ్న అడగాలిగా" అన్నారాయన.

మధ్యాహ్నం ఒంటిగంటకు ధారణ.

కళ్ళు మూసుకొన్నాను. పళ్ళపొడి, పెన్సిళ్ళు, బిస్కత్తులు ఒక్కొక్కటే జారిపోయాయి. ఎనిమిది మిగిలాయి. అవి వాటంతట అవే వరుసలో నిలబడ్డాయి. గొంతు సవరించుకొన్నాను. అది సవరణకు లొంగలేదు. ఇరవై ఆరేళ్ళు ఈ ధూళి మింగిన గొంతు అది. నాలుగు గంటలుగా మాట్లాడి మరింత బొంగురుపోయింది. ఆ గొంతుతోనే చెప్పాను.

"నీ గొంతు లోపల రాయి ఉంది. అది గిన్నె అడుగు గీకినట్టుంటుంది, గర్ర్. కాకి మాట్లాడింది, అందరూ లేచిపోయారు. గొంతు నునుపు లేని కోకిలమ్మ నెవరు, కొమ్మ కింద నిలిచి కోరి వినును. వేలు పెదవి మీద పెట్టుకో. మెడ తడుముకో. మెడకు నీలిపట్టీ కట్టుకొన్న రాకుమారి నోరు తెరిచింది. సభ అంతా లేచి నిలబడింది. చప్పట్లు. గంట మోగింది. ఇప్పుడు నీ మాట విందాం."

భూమి మీద ఆ మాటలన్నీ తేనెలో ముంచి పంపారు. ఇక్కడ అవి నా నోటి నుంచి పెంకులు దొర్లినట్టు వచ్చాయి. గిన్నె చప్పుడు దగ్గర నేను అనుకరించనక్కరలేకపోయింది. నా మామూలు స్వరమే సరిపోయింది. రాకుమారి నోరు తెరిచిన చోట నా గొంతు విరిగి, రెండు ముక్కలుగా పలికింది.

ముందు వరుసలో ఒక ధ్వని పుట్టింది. రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు. కళ్ళు తెరిచాను. రజిత రెండు చేతులతో నోరు మూసుకొని ఉంది. వేళ్ళ సందుల్లోంచి నవ్వు కారుతోంది. పక్కనున్న అబ్బాయి అది చూసి ఆపుకోలేకపోయాడు. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనుకో చెప్పలేను. ఇరవై రెండు గరుకు గొంతులు, పందొమ్మిది రోజుల తర్వాత, ఒక్కసారిగా. మందిరం గోడలు ఇసుక జల్లెడ పడుతున్నట్టు మోగాయి.

ఇంత నవ్వు మధ్య తెర మీద దినకరంగారు మాత్రం గంభీరంగా కూర్చొని ఉన్నారు. నవ్వు ఇంకా ఆయనను చేరలేదు. చేరాక ఆయన చేయి చాచి తన వైపు ధ్వనిని తగ్గించుకొన్నారు.

"అవ్వా" అంది రజిత. గుసగుస కాదు, మాట. "నీ రాకుమారికి సర్ది అయినట్టుంది."

"అయింది తల్లీ. పట్టీ కట్టుకొని చూడమంటావా?"

"వద్దు. ఇంకోసారి జెప్పు. గిన్నెది."

మళ్ళీ చెప్పాను. మొత్తం మూడుసార్లు చెప్పించారు. నన్ను ఇంతవరకు ఏ సభలోనూ ఇలా మళ్ళీ మళ్ళీ అడగలేదు. శాలువాలు కప్పిన సభల్లో కూడా.

239వ దినం

నేను ధారణ చెబుతుంటే పిల్లల పెదవులు నాతోపాటు అవే మాటలకు కదలడం కళ్ళారా చూశానని చెప్పి, హైమవతిగారు సంతకం పెట్టారు. ఎనిమిది ముక్కలూ ఆగిపోయాయి. ఒప్పందం రద్దయింది. ఇకపై ప్రకటనలను ఒక్కొక్కటిగా కాక, వారం మొత్తాన్ని ఒకే మనిషి ఒకే విడతలో విని ముద్ర వేయాలని శాసనం మారింది. ఆ మనిషి ఎవరన్న చర్చ రాలేదు. నా దగ్గర ధారణ నేర్చుకొంటామని ముగ్గురు యువతులు పేర్లిచ్చారు.

పిల్లల తెర మూడు నెలలు ఖాళీ. నర్సింగ్ దానికి ఇక్కడి కెమెరా తగిలించాడు. ఇవాళ నాలుగింటికి పిల్లలే అందులో కాకి కథ ఆడారు. వాళ్ళ కథలో కాకి మాట్లాడితే ఎవరూ లేచిపోలేదు. కాకే విసుగు పుట్టి వెళ్ళిపోయింది.

ఆ ఆరిళ్ళవారు తెప్పించిన పట్టీలు నిన్నటి ఓడలో దిగాయి. నర్సింగ్ వాటిని నీటిగొట్టాల కీళ్ళకు చుట్టి, "గిప్పుడు గొట్టాలు మంచిగ మాట్లాడ్తయి" అన్నాడు.

247వ దినం

రజిత కేక పరీక్ష.

వినేవారు నివాసంలో అందరికంటే వృద్ధులై ఉండాలన్నది మా నియమం. ఆ చెవికి వినబడితే ఇక ఎవరికైనా వినబడుతుందని. ఇప్పుడు ఆ వృద్ధురాలిని నేను. దక్షిణ దారి ఆ చివర, వంటశాల తలుపుకు వీపు ఆనించి, కళ్ళు మూసుకొని నిలబడ్డాను. నూట ఎనభై అడుగుల అవతల నర్సింగ్ ఏదో చెబుతున్నాడు. ధైర్యం చెబుతున్నాడనుకొంటాను, బహుశా తనకే.

వచ్చింది.

వర్ణించబూనుకొన్నాను. శంఖమని రాసి కొట్టివేశాను. శంఖానికి అంత కోపం ఉండదు. సింహనాదమన్న మాట అరిగిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల, గరుకుగా, గీకినట్టుగా, ప్రాణాలన్నీ బిగబట్టి "గాలి పోతోంది" అని అరిచింది. నా వెనుక తలుపు కంపించింది.

వినబడిందని చేయి ఎత్తాను. ఎత్తిన చేయి దించకముందే ఆ తలుపు విసురుగా తెరుచుకొని నన్ను పక్కకు నెట్టింది. లోపల పొయ్యిల దగ్గరున్న ముగ్గురు వంటవాళ్ళు గాలిముసుగులు తగిలించుకొని, ఒకరు గరిటెతో సహా, బయటికి దూకారు. ఇవాళ పరీక్ష అని వారికి ఎవరూ చెప్పలేదట.

రజిత దారి పొడవునా పరిగెత్తుకొంటూ వచ్చి నా ముందు ఆగింది.

"ఎట్లుండె అవ్వా?"

"గరుకుగా ఉంది."

"మస్తుగనా?"

"మస్తుగా" అన్నాను. ఆ మాట నా నిఘంటువులోకి ఇవాళే చేరింది.

పరీక్షల పుస్తకం తెరిచి ఆమె పేరు రాశాను. ఎంత దూరం వినబడిందన్న గడిలో అందరికీ ఒకే సంఖ్య రాయడం ఆనవాయితీ. నేను ఇలా నింపాను: నూట ఎనభై అడుగులు, ఒక మూసిన తలుపు, ఆపైన వంటశాల.